ఊరెళ్లే ముందు మెయిన్ డోర్: రిమ్ లాక్, తాళం కప్ప, స్మార్ట్ లాక్‌లలో ఏది నిలుస్తుంది?

తాళం కొనడానికి షాపుకెళ్లినవాళ్లు ముందుగా అడిగేది ‘ఎన్ని లీవర్లు?’ (తాళంచెవి తిప్పితే లోపల లేచే పలకలు) అని, ఆ తర్వాత ‘దొంగ తాళంచెవితో రాదు కదా?’ అని. కానీ తాళం వేసిన ఇంట్లోకి దూరేవాడు తాళంచెవుల జోలికి పోయేది చాలా తక్కువ. వాడి చేతిలో ఉండేది ఒక ఇనుప రాడ్డు, పెద్ద స్క్రూడ్రైవర్, ఒక్కోసారి బోల్టు కట్టర్. రాడ్డు కొసను తలుపుకీ ద్వారబంధానికీ మధ్య దూర్చి ఒక్కసారి బలంగా లాగితే ముందు ఊడేది స్క్రూలు. లోపల ఉన్న తాళం చెక్కుచెదరకుండా, దాని పక్కనే చెక్క చీలిపోయి ఉంటుంది. గొళ్లేనికి వేలాడే కప్ప అయితే ఇంకా తేలిక. గొళ్లెంతో సహా ఊడి కింద పడుతుంది. అందుకే ఇక్కడ ప్రతి తాళానికీ మార్కులు వేసింది ఒకే కొలతతో: రాడ్డు పెట్టి లాగితే ఏది, ఎక్కడ తెగుతుంది?

ఆ కొలతకు బాగా నిలిచేది రిమ్ లాక్. తలుపు లోపలి వైపు పెట్టెలా బిగించే తాళం ఇది. బయటికి తాళంచెవి దూర్చే గుండ్రటి బిళ్ల ఒక్కటే కనిపిస్తుంది. దొరికేవాటిలో గోద్రెజ్ అల్ట్రా వరుస అన్ని ఊళ్లలోనూ ఉంటుంది, రిపేరుకు సిలిండరు, అంటే తాళంచెవి దూరి తిరిగే గుండ్రటి భాగం, విడిగా దొరకడం కూడా కష్టం కాదు. అందులో ట్విన్‌బోల్ట్, ట్రైబోల్ట్, వర్టిబోల్ట్ అని రకాలున్నాయి. ట్విన్‌బోల్ట్‌లో రెండు, ట్రైబోల్ట్‌లో మూడు కడ్డీలు అడ్డంగా ద్వారబంధం మీది స్ట్రైక్‌లోకి, అంటే కడ్డీని పట్టుకునే లోహపు గూటిలోకి పోతాయి. వర్టిబోల్ట్‌లో కడ్డీలు నిలువుగా దిగి స్ట్రైక్‌కున్న రింగుల్లో పడతాయి. షాపువాడు సాధారణంగా మూడు కడ్డీలు చూపించి అదే గట్టిదంటాడు. సంఖ్యలో ఎక్కువే, కాదనలేం. కానీ రాడ్డుతో తలుపును ద్వారబంధం నుంచి పక్కకు నెట్టినప్పుడు అడ్డంగా పోయిన కడ్డీ ఆ సందు పెరిగిన మేరకు బయటికి జారుతుంది. నిలువుగా దిగిన కడ్డీ రింగులో చిక్కుకుని ఉంటుంది కాబట్టి సందు పెరిగినా వదలదు. ఒంటిరెక్క తలుపుకు, లోపలికి తెరుచుకునే తలుపుకు మొదటి ఓటు వర్టిబోల్ట్‌కే. అడ్డకడ్డీల రకమే కొనేట్టయితే కడ్డీ కనీసం 20 మిల్లీమీటర్లు స్ట్రైక్‌లోకి పోతోందో లేదో షాపులోనే తాళంచెవి తిప్పి కొలవాలి.

డబ్బా మీద చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది 1సీకే, 2సీ అనే గుర్తు. 1సీకే అంటే బయట తాళంచెవి, లోపల తిప్పుడు పిడి. 2సీ అంటే రెండు వైపులా తాళంచెవే. తలుపు పక్కన అద్దం కిటికీ గానీ జాలీ గానీ ఉండి, పగలగొట్టి చెయ్యి పెడితే పిడి అందేలా ఉంటే 2సీ వైపు మొగ్గాలి. మిగతా అన్ని ఇళ్లకూ 1సీకే చాలు. రాత్రిపూట వంటింట్లో మంట లేస్తే చీకట్లో తాళంచెవి వెతుక్కోవడం ఎవరికీ కుదరదు. ముసలివాళ్లూ పిల్లలూ ఉన్న ఇంట్లో 2సీ పెడితే ఆ చెవిని తలుపు పక్కనే, బయటి నుంచి చెయ్యి అందని చోట మేకుకు తగిలించాల్సిందే. రెండోది, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా అన్నది. రెండింటికీ స్ట్రైక్ వేరు. ఇది చూసుకోకుండా తెస్తే కార్పెంటరు ద్వారబంధాన్ని అడ్డదిడ్డంగా చెక్కి ఎలాగోలా సరిపెడతాడు, ఆ చెక్కిన చోటే చెక్క బలం పోతుంది. ధర మోడల్‌ను బట్టి సుమారు రెండున్నర వేల నుంచి నాలుగున్నర వేల దాకా. అదే వరుసలో ఖరీదు పెరిగేకొద్దీ పెరిగేది ఎక్కువగా పాలిషు, రంగు.

ఇక బిగింపు. తాళానికి పెట్టిన డబ్బు దక్కడమూ దక్కకపోవడమూ ఇక్కడే తేలుతుంది, కార్పెంటర్లు తొందరపడేదీ ఇక్కడే. డబ్బాతో పాటు వచ్చే స్క్రూలు చాలా తాళాల్లో అంగుళం, అంగుళంన్నర మించవు. పెట్టె వైపు అవి చాలు, ఎందుకంటే తలుపు మందమే 30 నుంచి 40 మిల్లీమీటర్లు. స్ట్రైక్ వైపు అవి చాలవు. ద్వారబంధం 4 అంగుళాలో 5 అంగుళాలో ఉంటుంది కాబట్టి అక్కడ ఎనిమిదో నంబరు, 50 మిల్లీమీటర్ల స్టీలు స్క్రూలు పడాలి. స్క్రూ తల స్ట్రైక్ రంధ్రంలో పూర్తిగా కూర్చోవాలి. పైకి లేచి ఉంటే తలుపు మూసినప్పుడు తాళానికి తగులుతుంది, కార్పెంటరు అప్పుడు దాన్ని సుత్తితో కొడతాడు, పని అంతటితో పాడవుతుంది. టేకుకైనా మద్దికైనా ముందు 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో దారి వెయ్యాలి. దారి లేకుండా మెషీన్‌తో నేరుగా స్క్రూ దించితే చెక్క నార వెంట సన్నని పగులు పడుతుంది. పాలిషు కింద అది కనబడదు, రాడ్డు పడ్డ రోజున ఆ గీత వెంటే ద్వారబంధం విచ్చుకుంటుంది. పాతకాలపు వడ్రంగులు స్క్రూ మరకు సబ్బు రుద్ది దించేవాళ్లు. మర సాఫీగా దిగుతుంది, తల చెడదు. ఆ అలవాటున్న పనివాడు దొరికితే వదలొద్దు.

తాళాన్ని తలుపు మందానికి సరిపెట్టడం ఇంకో చిక్కు. చాలా రిమ్ లాకుల్లో బయటి సిలిండరు వెనక ఒక పలుచని పట్టీ ఉంటుంది, దాని మీద గాట్లుంటాయి. తలుపు మందాన్ని బట్టి ఒక గాటు దగ్గర విరిచెయ్యాలి. పొడుగ్గా వదిలేస్తే తాళంచెవి బిగుసుకుంటుంది, చెవిలో లోపమని జనం తిట్టుకుంటారు. ఎక్కువ విరిస్తే కొన్నాళ్లు తిరిగి, ఒక రోజు చెవి తిరుగుతుంది గానీ కడ్డీ కదలదు. డబ్బాలో ఉండే కాగితం అచ్చును తలుపుకు అంటించి, అందులో చూపిన చోటే రంధ్రం వెయ్యాలి. ఆ కాగితాన్ని చెత్తలో పడేసి కంటి అంచనాతో పని కానిచ్చేవాళ్లే ఎక్కువ. బయటి బిళ్ల తలుపు మీద నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు మించి పైకి లేచి ఉంటే పట్టకారుకు అంచు దొరుకుతుంది, మెలిపెట్టి సిలిండరును విరిచెయ్యొచ్చు. బిళ్ల చుట్టూ పట్టకారు జారిపోయేలా వాలుగా ఉండే రింగు తప్పక వేయించుకోవాలి.

చెక్క తలుపుకు కాలం కూడా లెక్కే. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో సన్నబడుతుంది. మే నెలలో బిగుతుగా అమర్చిన తాళం ఆగస్టులో పట్టేస్తుంది. తలుపును భుజంతో నెట్టి చెవి తిప్పాల్సి వస్తుందంటే స్ట్రైక్‌ను కొద్దిగా జరిపించాలి, నూనె పోస్తే పోయే జబ్బు కాదది. సిలిండరులో కొబ్బరినూనె అసలే వెయ్యొద్దు, దుమ్ముతో కలిసి జిగురైపోతుంది. గ్రాఫైట్ పొడి వెయ్యాలి. అది దొరక్కపోతే పెన్సిల్ ములుకు గీకి ఆ పొడిని తాళంచెవికి రాసి నాలుగైదు సార్లు తిప్పితే చాలు.

ఫ్లష్ డోర్ల, అంటే రెండు వైపులా ప్లైవుడ్ అంటించిన నున్నటి తలుపుల సంగతి విడిగా చెప్పాలి. అపార్ట్‌మెంట్లలో బిల్డర్లు పెట్టే కొన్ని తలుపులు తాళం వచ్చే చోట మాత్రమే గట్టి చెక్క ఉండి, మిగతాది బోలుగానో పలుచని ముక్కలతోనో ఉంటాయి. తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట రిమ్ లాక్ బిగిస్తే స్క్రూకు పట్టు దొరకదు. అలాంటి తలుపుకు రెండు వైపులా 2 మిల్లీమీటర్ల స్టీలు రేకు వేసి, అటు నుంచి ఇటు పోయే బోల్టులతో తాళాన్ని బిగించాలి. ప్లాస్టిక్ చెక్క మిశ్రమంతో చేసిన ద్వారబంధాలకూ స్క్రూ పట్టు తక్కువే. అక్కడ స్క్రూ ఫ్రేమును దాటి వెనక ఉన్న గోడలో ప్లగ్గు దాకా పోవాలి.

రెండు రెక్కల తలుపులున్న ఇళ్లలో ఎంత మంచి రిమ్ లాక్ పెట్టినా స్ట్రైక్ కూర్చునేది రెండో రెక్క మీద. ఆ రెక్కను పట్టుకునేవి పైనా కిందా ఉన్న టవర్ బోల్టులే. అవి 6 అంగుళాలవి, అల్యూమినియంవి అయితే తాళం పెట్టినట్టే కాదు. 12 అంగుళాల స్టీలువి వేయించి, కింది కడ్డీ కనీసం అంగుళం లోతు నేలలోకి దిగేలా గ్రానైట్‌లో రంధ్రం కొట్టించాలి. ఆ రంధ్రంలో మట్టి చేరి కడ్డీ సగమే దిగడం మామూలే, ఊరెళ్లే రోజు ఒక్కసారి చూసుకోవాలి. బయటికి తెరుచుకునే సేఫ్టీ డోర్లకైతే మడతబందులు బయటే ఉంటాయి. వాటి పిన్ను తట్టి తీసేస్తే తాళంతో పనిలేకుండా తలుపు ఆ వైపు నుంచి వచ్చేస్తుంది. పిన్ను తలకు రెండు వైపులా ఒక చుక్క వెల్డింగ్ పెట్టిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

తాళం కప్పల్లో గోద్రెజ్ నవ్‌తాల్‌ది పాత పేరు. ఇత్తడి ఒళ్లు, 6, 7, 8 లీవర్లలో దొరుకుతుంది. 7 లీవర్లది ఇంటికి చాలు, వంపు కడ్డీ హార్డెన్డ్ (కోతకు లొంగకుండా గట్టిపరిచిన ఉక్కు) రకమేనా అని మాత్రం అడిగి తీసుకోవాలి. హార్డెన్ చెయ్యని కడ్డీని చిన్న హ్యాక్‌సా బ్లేడు కూడా తినేస్తుంది. అలీగఢ్, దిండిగల్ నుంచి వచ్చే కప్పల్లోనూ గట్టివి ఉన్నాయి. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తాళాల దోషం అంటూ పెద్దగా లేదు. కప్పకు ఉన్న జబ్బు వేరు: వీధిలో నడిచే ఎవడికైనా ఇంట్లో ఎవరూ లేరని అది గేటు బయటి నుంచే చెప్పేస్తుంది. మెయిన్ డోరుకు కప్పే దిక్కయితే దాని వెనకున్న ఆల్డ్రాప్ (తలుపు మీద అడ్డంగా జరిపి కప్ప వేసే పెద్ద గడియ) మీద డబ్బు పెట్టాలి. 16 మిల్లీమీటర్ల కడ్డీ ఉన్న స్టీలు ఆల్డ్రాప్ తీసుకుని, స్క్రూలకు బదులు 6 మిల్లీమీటర్ల గుండ్రటి తల బోల్టులు తలుపు దాటి లోపలికి వచ్చేలా వేసి, లోపల పెద్ద వాషరు, నట్టు బిగించాలి. కొండీకీ అంతే. కప్ప వంపు కడ్డీకీ కొండీకీ మధ్య ఖాళీ ఎంత తక్కువుంటే బోల్టు కట్టరు దవడకు చోటు అంత తక్కువ. చిన్న కొండీకి పెద్ద కప్ప వేలాడదీస్తే మెలిపెట్టడానికి పిడి మనమే ఇచ్చినట్టవుతుంది.

ఇత్తడి హ్యాండిల్ సెట్లతో వచ్చే మార్టిస్ లాకులు చూడ్డానికి బాగుంటాయి, అంతే. తలుపు అంచులో పెద్ద గాడి తీసి దించాలి. 32 మిల్లీమీటర్ల తలుపులో ఆ గాడి పోగా అటూఇటూ మిగిలే చెక్క వేలి మందం కూడా ఉండదు. పడకగదులకు సరే.

స్మార్ట్ లాకులు పదివేల నుంచి ముప్పై వేల దాకా ఉన్నాయి. మెయిన్ డోరుకు అమ్మేవాటిలో చాలావరకు ఇదే మార్టిస్ రకం, కాబట్టి పైన చెప్పిన గాడి బాధ వీటికీ ఉంది. వేలిముద్ర పనితీరు ఇంట్లో మనుషులను బట్టి మారుతుంది. అంట్లు తోమి, బట్టలు ఉతికి చర్మం అరిగిన వేళ్లను, ముసలివాళ్ల పొడి వేళ్లను సెన్సరు ఒక పట్టాన గుర్తించదు. ఆ ఇంట్లో చివరికి అందరూ పిన్ నంబరే కొడతారు, అది పాలబ్బాయికి కూడా కనబడుతుంది. బ్యాటరీలు ఆల్కలైన్‌వే వెయ్యాలి. రీచార్జబుల్ సెల్లు 1.2 వోల్టులే ఇస్తుంది కాబట్టి నిండుగా ఉన్నా లాక్ ‘బ్యాటరీ తక్కువ’ అని అరవొచ్చు. వానల్లో తలుపు ఉబ్బి కడ్డీ రాపిడి పడితే మోటారు ముక్కుతుంది, బ్యాటరీలు త్వరగా ఖాళీ. పనిమనిషికి వేరే నంబరు ఇవ్వడం, మానేసిన రోజే దాన్ని తీసెయ్యడం మాత్రం మామూలు తాళం చెయ్యలేని పని. ఆ ఒక్క సౌకర్యం కోసం కావాలనుకునేవాళ్లు రిమ్ రకం స్మార్ట్ లాక్ తీసుకుని, ఊరెళ్లినప్పుడు వెయ్యడానికి విడిగా వర్టిబోల్ట్ ఉంచుకోవడం మేలు.

మెయిన్ డోరు గట్టిపడితే దొంగ పెరటి తలుపుకు పోతాడు. బాత్రూం వెంటిలేటరు అద్దపు పలకలు ఒక్కొక్కటిగా జారిపోయే రకమైతే లోపలి వైపు 10 మిల్లీమీటర్ల ఊచలు గోడలోకి దించాలి. కిటికీ గ్రిల్లు బయటి నుంచి స్క్రూలతో బిగించి ఉంటే ఆ తలలను వెల్డింగ్‌తో నింపించాలి. గంట పని.

కెమెరాల విషయంలో ఆశ ఎక్కువ, అమరిక తక్కువ. ఫోనుకు అలర్ట్ వచ్చే వైఫై కెమెరా కొనేసి ఊరెళ్లిపోతారు. కరెంటు పోతే రౌటరు పోతుంది, రౌటరు పోతే కెమెరా గుడ్డిదే. వీధిలోని మెయిన్ స్విచ్‌ బోర్డు తలుపు తెరిచి ఉన్న ఇళ్లు ఎన్నో. ముందు రౌటరుకు 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాలి, వెయ్యి పదిహేను వందల్లో వస్తుంది. కెమెరా అడాప్టరు మీద వోల్టేజీ చదవాలి. టాపో సీ200 లాంటివి 9 వోల్టులవి, 12 వోల్టుల పిన్ను తగిలిస్తే కాలిపోతాయి. కెమెరాను దోమల జాలీ వెనక పెడితే పగలు బానే కనిపిస్తుంది, రాత్రి దాని సొంత ఇన్‌ఫ్రారెడ్ వెలుగు జాలీ మీద పడి తెర మొత్తం తెల్లబడుతుంది. లెన్సు ముందు సాలెగూడు కట్టినా అదే గతి, పైగా గాలికి ఊగిన ప్రతిసారీ అలర్టు. బల్లి పాకినా అలర్టే. మూడో రోజుకు విసిగి ఫోన్‌లో నోటిఫికేషన్లు ఆపేస్తారు. అప్పుడిక దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే, మెమరీ కార్డులో బొమ్మ ఉంటుంది గానీ ఇల్లు గుల్లై ఉంటుంది. కదలిక గుర్తించే ప్రాంతాన్ని గేటుకూ గుమ్మానికీ మాత్రమే పరిమితం చేసి, సున్నితత్వం తగ్గించి, వారం పాటు ఇంట్లో ఉండగానే సరిచూసుకుని వెళ్లాలి. కెమెరాకు తోడు తలుపుకు రెండు మూడు వందల అయస్కాంత అలారం తగిలిస్తే పక్కింటివాళ్లకు వినబడుతుంది. తెల్లవారుజామున మూడింటికి ఫోన్ మోతకన్నా అది మేలు.

తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) సేవ ఉచితం, అయినా వాడుకునేవాళ్లు తక్కువ. యాప్‌లో ఫోన్ నంబరుతో నమోదు చేసుకోవాలి. ఇంటి లొకేషన్ పడాలి కాబట్టి ఇంట్లో ఉండగానే నమోదు చెయ్యాలి, ఆఫీసులో కూర్చుని చేస్తే ఆఫీసు గుర్తు పడుతుంది. ఊరెళ్లే తేదీలు ఇచ్చి నిఘా కోరితే సిబ్బంది వచ్చి ఇంట్లో కదలికను పట్టే కెమెరా పెడతారు. లోపల ఎవరైనా కదిలితే సమాచారం నేరుగా పోలీసులకు పోతుంది. పండగ ముందు రోజు అడిగితే పరికరం ఖాళీగా ఉండకపోవచ్చు, స్టేషన్‌కు నాలుగు రోజుల ముందే ఫోన్ చెయ్యాలి. తెలంగాణలోనూ సంక్రాంతి, దసరాలకు ఊరెళ్లేవాళ్లను స్టేషన్‌లో చెప్పి వెళ్లమని పోలీసులు ఏటా అడుగుతారు, చెబితే గస్తీలో ఆ వీధి కలుపుతారు. ఇంటి ముందు ఎవరైనా అనుమానంగా తచ్చాడుతున్నారని పక్కింటివాళ్లు చెబితే 112కు ఫోన్ చేయించాలి.

ఖాళీ ఇంటిని బయటపెట్టేది తాళం ఒక్కటే కాదు. ధనుర్మాసంలో వీధంతా ముగ్గులుండి ఒక్క గుమ్మం బోసిగా ఉంటే చూసేవాడికి అర్థమైపోతుంది. పక్కింటావిడను పిలిచి ‘అక్కా, మా గుమ్మంలో కూడా నాలుగు గీతలు వెయ్యి’ అంటే ఎవరూ కాదనరు. పాల ప్యాకెట్లు, పేపరు ఆపించాలి. వరండా దీపం పగలూ రాత్రీ వెలిగేలా వదిలేస్తే అది ఇంకా మోసం, టైమరు ప్లగ్గుతో సాయంత్రం ఆరున్నరకు వెలిగి పదకొండుకు ఆరిపోయేలా పెట్టాలి.

బీరువాను మాత్రం తాళాల లెక్కలో కలపకూడదు. పలుచని రేకు, హ్యాండిల్ దగ్గర రాడ్డు పెడితే నిమిషం పట్టదు. చిన్న సేఫ్ కొంటే దాన్ని ఎత్తుకుపోకుండా లోపలి నుంచి గోడకు బిగించాలి. 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు కాంక్రీటులోనో గట్టి ఇటుకలోనో పడాలి, బోలు దిమ్మెల గోడలో అవి తిరుగుతూనే ఉంటాయి. బ్యాంకు లాకరుకు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 3,000 అయితే 3 లక్షలు. నగల విలువ అంతకు మించితే విడిగా బీమా చూసుకోవాలి. ఇంటికి ఉందనుకునే బీమా కూడా ఒకసారి తీసి చదవండి. 2021 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలు అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో దొంగతనానికి పరిహారం అగ్నిప్రమాదం, వరద లాంటివి జరిగిన ఏడు రోజుల్లోపు పోయిన వస్తువులకే. ఊరెళ్లినప్పుడు తలుపు పగలగొట్టి దోచుకుపోతే అది వర్తించదు, దానికి బర్గ్లరీ కవరు విడిగా తీసుకోవాలి. ఆ కవరు కింద క్లెయిము చేసేటప్పుడు తలుపు బలవంతంగా తెరిచిన గుర్తులు అడుగుతారు కాబట్టి పోలీసులు వచ్చి చూసేదాకా విరిగిన గొళ్లేన్నీ, ఊడిన స్క్రూలనూ ఎక్కడివక్కడే ఉంచాలి.